పెంకు మీద పేరు

ఖాజా మొహినుద్దీన్ ఏ సముద్రాన్నీ చూడలేదు. నెక్కొండలో పుట్టి, రైలు కట్ట పక్కన పెరిగి, చదువుకోవడానికి వరంగల్ వచ్చాడు. ఇక్కడే ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పాడు. ఇక్కడే రిటైరయ్యాడు. అయినా కళ్లు మూసుకుంటే ఆయనకు ఏథెన్స్ రేవు కనిపించేది. తెడ్ల పడవలు, ఉప్పు గాలి, కొండ మీద బండల మధ్య సభ కోసం కూర్చున్న జనం.

కాలేజీలో ఆయన చెప్పింది ప్రాచీన చరిత్ర. అందులో గ్రీసు ఒక యూనిట్. పిల్లలు ఇంపార్టెంట్ క్వశ్చన్లు అడిగేవారు. రాసుకునేవారు. వెళ్లిపోయేవారు. నౌకరీ చేసినన్నాళ్లూ పరీక్షకు పనికిరాని ప్రశ్న ఒక్కరూ అడగలేదు. ఇంట్లో భార్య జాహెదా మాత్రం అడిగేది.

"ఆ ఏథెన్స్ క్లైస్తనీస్‌కు పెండ్లాం పిల్లలు లేరా? ఎప్పుడు జూసినా రాజ్యాన్ని బాగుచేసుడేనా?"

"ఉండే ఉంటరు. పుస్తకంల రాయలేదు."

"రాయరు. ఆమె వండిపెట్టింది గూడ రాయరు."

ఆయన నవ్వేవాడు.

వాళ్లు ఉండేది కొత్తకుంట కాలనీ. పేరుకు కొత్తదే గాని కుంట పాతది. కుంట చాలావరకు ప్లాట్లయిపోయింది. మిగిలిన కాస్త కాలనీకి ఎగువన, కట్ట వెనకాల ఉంది. కట్ట చివర ఒక తూము, దానికి ఒక షట్టర్. వాన పడి కుంట నిండితే ఆ షట్టర్ ఎత్తాలి. ఎత్తితే నీళ్లు పాత కాలువలో పడి పెద్ద నాలాకు పోతాయి. ఎత్తకపోతే కట్ట మీద నుంచి కాలనీలోకి దిగుతాయి. ఎత్తడానికి ఇనుప పిడి కావాలి. ఎవరు పడితే వాళ్లు తిప్పకుండా పిడిని ఊడదీసి ఇంట్లో పెట్టుకునేవారు. షట్టర్ ఎవరిదని ఏ ఆఫీసులో అడిగినా మాది కాదనేవారు. గ్రీజు పెట్టుకునేది కాలనీ వాళ్లే.

పిడి ఎప్పుడూ రాజేశ్వర్ రావు ఇంట్లోనే ఉండేది. ఆయన కాలనీ అధ్యక్షుడు. ఎప్పటి నుంచో ఎవరికీ గుర్తులేదు. ఎవరు ఎన్నుకున్నారో అసలే గుర్తులేదు. ఒక వానాకాలం ఆయన ఇంటికి తాళం వేసి హైదరాబాద్ పోయాడు. అదే వారం కుంట పొంగింది. అందరి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. బియ్యం, పరుపులు, టీవీలు తడిసిపోయాయి. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు కాబట్టి కోపం తెచ్చుకోవడానికి అందరికీ తీరిక దొరికింది.

కమ్యూనిటీ హాలులో మీటింగు పెట్టారు. ముందు వరసలో కూర్చున్న మల్లికార్జున్ లేచాడు. ఆయనకు పాత బజారులో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. మొహినుద్దీన్‌కు ఎదురిల్లు. ఇద్దరూ ఒకే ఏడు ఇళ్లు కట్టుకున్నారు. ఒకరి ఇసుక ఒకరు వాడుకున్నారు.

"రావు సాబ్ పట్నం పోయేటప్పుడు ఇంటికే గాదు, మన ప్రజాస్వామ్యానికి గూడ తాళమేసి పోతాండు" అన్నాడు. హాలంతా నవ్వింది. తర్వాత ఆయన వెనక్కి తిరిగాడు. "మొహినుద్దీన్ భాయ్‌సాబ్ ఉన్నడు గదా. రాజ్యాలు ఎట్ల నడుస్తయో ఎరుకైన మనిషి. చెప్పనియ్యుండ్రి."

మొహినుద్దీన్ లేచాడు. ఇరవై మాటల్లో ముగిద్దామనుకున్నాడు. కానీ జనం వింటున్నారు. పరీక్ష లేకుండా వింటున్నారు.

ఏథెన్స్‌లో కూడా పెద్ద కుటుంబాల చేతుల్లోనే అన్నీ ఉండేవని చెప్పాడు. క్లైస్తనీస్ వచ్చి జనాన్ని పది తెగలుగా కలిపాడని, ఏ తెగలోనూ ఒకే చోటివాళ్లు లేకుండా చూశాడని చెప్పాడు. చాలా పదవులకు చీటీలు తీసేవారు. సేనాపతికి మాత్రం చీటీ పనికిరాదు, యుద్ధం తెలిసినవాడు కావాలి కాబట్టి ఓటు వేసి ఎన్నుకునేవారు. తెగకొకరు, పది మంది. మారథాన్ దగ్గర శత్రువు దిగినప్పుడు ఆ పది మంది రోజుకొకరు చొప్పున సైన్యాన్ని నడిపారు.

"రోజుకొకరా?" అన్నారు ఎవరో.

"రోజుకొకరు. అయితే వాళ్లల్ల యుద్ధం తెలిసినోడు ఒకడున్నడు. మిగతావాళ్లు తమ రోజులు గూడ ఆయనకే ఇచ్చిండ్రు."

ఆ రెండో మాట ఎవరూ పట్టించుకోలేదు. కాలనీలో సరిగ్గా పది గల్లీలున్నాయి. ఆ లెక్క కుదరడం అందరికీ ముచ్చటేసింది. గల్లీకొకరిని ఎన్నుకోవాలి, పిడి రోజుకొక ఇంట్లో ఉండాలి. మీటింగుకు అధ్యక్షుడు ఏ రోజుకారోజు చీటీలో రావాలి. వంతు కానివాడు షట్టర్ ముట్టకూడదు. ఇవన్నీ అప్పటికప్పుడే ఒప్పుకున్నారు.

"మరి మల్ల ఎవడన్న రావు సాబ్ లెక్క తయారైతే?" అని మల్లికార్జున్ అడిగాడు.

మొహినుద్దీన్ పెంకుల సంగతి చెప్పాడు. ఊరికి ప్రమాదం అనుకున్న మనిషి పేరును జనం కుండపెంకు మీద రాసి వేసేవారు. ఎక్కువ పెంకులు ఎవరి పేరు మీద పడితే వాడు పదేళ్లు ఊరు విడిచి పోవాలి. ఆస్తి ఆస్తిగానే ఉంటుంది. అవమానం లేదు. శిక్ష కూడా కాదు. పోవాలి, అంతే.

"అరే, మస్తుంది. మనకు గూడ కావాలె గది" అని మల్లికార్జున్ చెయ్యెత్తాడు. అందరికన్నా ముందు ఎత్తింది ఆయనే. "పదేండ్లు మరీ ఎక్కువ. ఒక్క ఏడు పెడదాం. అత్తగారింటికి పోయొస్తడు."

నవ్వుతూనే అందరూ చేతులెత్తారు. రాజేశ్వర్ రావు ఎత్తలేదు. "సారూ, ఇది కాలనీ. మీ గ్రీసు గాదు" అన్నాడు. పిడి తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

రెండు వానాకాలాలు ఆ పద్ధతి నడిచింది. ఆ రెండేళ్లు మొహినుద్దీన్ జీవితంలో మంచి కాలం. నడిచిపోతుంటే గల్లీల్లో మనుషులు ఆపి అడిగేవారు. "సారూ, ఆ పది మందిల కొట్లాటైతే ఎవలి మాట ఇనేటోళ్లు?" కూరగాయలమ్మే సమ్మమ్మ కూడా తొమ్మిదో గల్లీ తరఫున ఎన్నికైంది. వంతు వచ్చిన రోజు పిడిని బండి మీద టమాటాల పక్కన పెట్టుకుని తిరిగేది. "ఇయ్యాల నేను సేనాపతిని. బేరమాడితే కుంట వదుల్త" అనేది.

పిడి ఏ ఇంటికి పోతే ఆ ఇంటి మర్యాద పొందేది. కొందరు మంచం కింద పెట్టేవారు. జాహెదా తడిబట్టతో తుడిచి అల్మారా మీద పెట్టేది. మల్లికార్జున్ భార్య సరస్వతి దానికి పసుపు కుంకుమ పెట్టి దేవుడి గదిలో ఉంచేది. చేతులు మారడం సాయంత్రం, పొద్దు గూకకముందు. రోడ్డుకు అటు మూడో గల్లీ, ఇటు నాలుగో గల్లీ. ఆ రెండిటి తరఫున ఎన్నికైంది వీళ్లిద్దరే. మల్లికార్జున్ తర్వాత వంతు మొహినుద్దీన్‌దే. ఎప్పుడూ రోడ్డు మధ్యలో నిలబడి ఇచ్చిపుచ్చుకునేవారు.

మూడో ఏడు జూలైలో వాన పట్టింది. అధిక శ్రావణం నడుస్తోంది. ఆ సాయంత్రం మల్లికార్జున్ దుకాణం నుంచి ఇంకా రాలేదు. సన్నగా తుంపర పడుతోంది. వాన తగ్గాక పోదామని మొహినుద్దీన్ కాసేపు ఆగాడు. ఆ తర్వాత గొడుగు వేసుకుని ఎదురింటికి పోయేసరికి సరస్వతి దీపం పెట్టేసింది.

"చెల్లె, పిడి ఇస్తవా?"

"ఇస్తనన్నా" అంది. లోపలికి పోయింది. ఉత్త చేతులతోనే మళ్లీ గడప దగ్గరికి వచ్చింది. దీపం పెట్టాక ఇంట్లోంచి ఇనుము బయటికి ఇవ్వరు, ఇస్తే లక్ష్మి పోతుందంటారు. అందులోనూ అది అధిక మాసం. అందులోనూ దేవుడి ముందు పెట్టిన ఇనుము. ఆమె కాదనలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

మొహినుద్దీన్‌కు అర్థమైంది. ముప్ఫై ఏళ్ల ఎదురిల్లు. ఈ ఇంట్లో ఏ వేళ ఉప్పు అడగకూడదో జాహెదాకు తెలుసు. ఆ ఇంట్లో రంజాన్ పగలు ఏ వేళ పిల్లల చేతికి మిఠాయి ఇచ్చి పంపకూడదో సరస్వతికి తెలుసు.

ఆయన ఆకాశం వైపు చూశాడు. మబ్బు పల్చగా ఉంది.

"ఉండనియ్యి చెల్లె. పొద్దుగాల తీస్కుంట. ఫికర్ లేదు."

"మరి వంతు మీది గదన్నా?"

"వంతు నాదే. ఇనుము మీ ఇంట్ల పంటది."

ఆమె ముఖం తేలికపడింది. "వదినెను అడిగినని చెప్పుండ్రి" అంది.

వాన తర్వాత పెరిగింది. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచి తలుపు తీసిన మొహినుద్దీన్‌కు మెట్లు కనిపించలేదు. రోడ్డు లేదు. రోడ్డు ఉన్నచోట ఎర్రటి వాన నీళ్లు పారుతున్నాయి. కుంట ఇంకా కట్ట దాటలేదు. అవతల వరండా మీద మల్లికార్జున్ పిడి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరి మధ్య ఉన్నది రోజూ పిడి చేతులు మారే చోటే. ఇప్పుడక్కడ ఎవరిదో గ్యాస్ సిలిండర్ తేలిపోతోంది.

"భాయ్‌సాబ్! ఇయ్యాల వంతు నీది! నేను పోవచ్చునా?" అని మల్లికార్జున్ అరిచాడు.

వాన హోరులో మొహినుద్దీన్‌కు మాట వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. మల్లికార్జున్ మళ్లీ అరిచాడు. మళ్లీ అరిచాడు. అడగకుండా పోవచ్చని ఆ మనిషికి తోచలేదు. వంతు కానివాడు ముట్టకూడదన్న మాటను ఆయన కూడా ఒప్పుకున్నాడు.

చివరికి మొహినుద్దీన్ రెండు చేతులూ ఊపాడు. పో, పో అని ఊపాడు. మల్లికార్జున్ నీళ్లలోకి దిగాడు. నడుము దాకా, ఛాతీ దాకా. కట్ట వైపు గల్లీ మలుపు తిరగకముందే ఒరవడి ఆయన్ని కరెంటు స్తంభానికి విసిరికొట్టింది. ఒక చేత్తో స్తంభాన్ని, ఒక చేత్తో పిడిని పట్టుకుని అక్కడే ఉండిపోయాడు. పిడి వదిలేసి ఉంటే తేలిగ్గా బయటపడేవాడు. వదల్లేదు. కట్ట మీద నుంచి నీళ్లు దిగడం వాళ్లిద్దరూ చూశారు. ఒకరు గుమ్మంలో నుంచి. ఒకరు స్తంభం దగ్గర నుంచి.

కట్ట కింద మొదటి ఇల్లు కట్టమ్మది. బంగళా పెంకుల ఇల్లు. ఆమెకు మోకాళ్లు పనిచేయవు. కొడుకు మధు రాత్రి డ్యూటీకి పోయి ఉన్నాడు. నీళ్లు తగ్గాక ఆమె తన మంచం దగ్గరే దొరికింది.

మైల దినాలు అయ్యాక మీటింగు పెట్టారు. హాలు గోడల మీద నీళ్ల గీత ఇంకా తడిగానే ఉంది. చీటీ తీస్తే ఆ రోజు అధ్యక్షత మొహినుద్దీన్‌కు వచ్చింది. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. మధు లేచాడు. అరవలేదు. ఏడవలేదు.

"వంతు అయిపోయినంక పిడి ఆయనింట్ల ఎందుకున్నది? నాకు అదొక్కటి చెప్పుండ్రి."

మల్లికార్జున్ తల దించుకుని కూర్చున్నాడు. మోచేతికి కట్టు ఉంది. సరస్వతి ఆడవాళ్ల వైపు నుంచి లేచి, "దీపం పెట్టిననని అన్ననే వద్దన్నడు. పొద్దుగాల తీస్కుంటనన్నడు" అంది.

"సారు మీదికి తోస్తాంది సూడు" అని వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

మొహినుద్దీన్ కుర్చీలోంచి లేచాడు. "ఆమె చెప్పింది నిజం. పొద్దు గూకినంక వంతు నాది. నేను ఇయ్యుమంటే ఇచ్చేది. నేనే ఉండనియ్యన్న. అడగవలసింది నన్ను."

తన మాట నిలుస్తుందని ఆయన అనుకున్నాడు.

"సారు మంచోడు" అంది సమ్మమ్మ. "దోస్తు కోసం మీదేస్కుంటాండు."

"నేను అబద్ధం చెప్తాన్ననా సమ్మమ్మా?"

"అబద్ధమని ఎవలన్నరు సారూ? నీది మంచితనం అంటాన్న."

రాజేశ్వర్ రావు మెల్లగా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు. ఆయన గొంతులో పగ లేదు. అదే మొహినుద్దీన్‌ను ఎక్కువ భయపెట్టింది. "సారూ, మీ పేరు రాస్తే బయట ఇంకో తీరుగ మాట్లాడుతరు. ముసలామె సచ్చింది, తురకాయన పిడి తీస్కపోలేదు అంటరు. రేపు ఎవడెవడో జెండాలు పట్టుకోని ఈడికొస్తడు. మనకు ఆ లొల్లి వద్దు. మీకూ వద్దు. జర సోంచాయించుండ్రి."

మొహినుద్దీన్ జాహెదా వైపు చూశాడు. ఆమె నేల వైపు చూస్తోంది.

మధు పెంకులు వేద్దామన్నాడు. చేతులు లేచాయి. మొహినుద్దీన్‌కు ఏథెన్స్‌లో జరిగిన ఇంకొక సంగతి గుర్తొచ్చింది. సముద్రంలో గెలిచి వచ్చిన సేనాపతులను, తుఫానులో మునిగినవాళ్లను తీయలేదని, జనం ఒక్క ఓటుతో చంపమన్నారు. ఆ రోజు అధ్యక్షత చీటీలో వచ్చిన మనిషి రాళ్లు చెక్కేవాడి కొడుకు. చట్టం కాని దాన్ని ఓటుకు పెట్టనన్నాడు. క్లాసులో ఎన్నోసార్లు చెప్పిన పాఠం. ఎప్పుడూ అక్కడ గొంతు కొంచెం పెంచేవాడు.

"నేను ఓటుకు పెట్ట" అన్నాడు.

ఎవరూ కోప్పడలేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"పెట్టకుండ్రి సారూ. మీ ఇష్టం" అన్నాడు మధు. "రేపు ఇంకో అధ్యక్షుడు వస్తడు గదా."

పాఠంలో ఆ తర్వాతి వాక్యం కూడా అదే. ఆ ఓటు ఒక్క రోజు ఆగింది. అంతే. దాన్ని ఆయన ఎప్పుడూ గొంతు తగ్గించి, గంట కొట్టే వేళకు చెప్పేవాడు.

మర్నాడు చీటీలో రాజేశ్వర్ రావు పేరు వచ్చింది.

మధు ఒక గోనెసంచి తెచ్చి హాలు మధ్యలో కుమ్మరించాడు. వరదకు కూలిన తమ ఇంటి బంగళా పెంకులు. కొన్నిటికి మసి అంటి ఉంది, వంటింటి వైపువి. మనుషులు వంగి తలా ఒకటి తీసుకున్నారు. బొగ్గు ముక్కలు చేతులు మారాయి.

సమ్మమ్మ తన పెంకు పట్టుకుని మొహినుద్దీన్ దగ్గరికి వచ్చింది. "సారూ, నాకు రాయరాదు. జర రాసియ్యి."

"ఎవరి పేరు?"

"మల్లికార్జున్ సేటు పేరు."

"నా పేరు రాయనా?"

"నీ పేరెట్ల రాస్తరు? ఈ పద్ధతి పెట్టిందే నువ్వాయె." ఆమె గొంతు తగ్గించింది. "సేటు మీద నాకు కోపం లేదు సారూ. ఉద్దెర గూడ ఇస్తడు. కని కట్టమ్మ సచ్చిపాయె. ఎవలన్న పోవాలె గదా."

ఆయన పెంకు తీసుకున్నాడు. ఆమెకు చదవడం రాదు. ఏం రాసినా తెలియదు. బొగ్గు కొన పెంకుకు ఆనించాడు. తన పేరు రాస్తే అది ఆమె ఓటు కాదు. ఆమె ఓటు దొంగిలించడానికా ఇన్నేళ్లు ఈ పాఠం చెప్పింది? మల్లికార్జున్ అని రాశాడు. అక్షరాలు గుండ్రంగా, బ్లాక్‌బోర్డు మీద రాసినట్టుగా వచ్చాయి. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగ రాసినవ్" అని పట్టుకుపోయింది.

తన పెంకు మీద తన పేరు రాసుకున్నాడు.

లెక్కపెట్టేటప్పుడు అది బయటపడింది. రాజేశ్వర్ రావు దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "ఇదెవరో పొరపాటున రాసిండ్రు" అన్నాడు. పక్కన పెట్టాడు. మిగతా కుప్పలో దాన్ని కలపలేదు. అది నాదేనని మొహినుద్దీన్ అనబోయాడు. కానీ పెంకు మీద రాసినవాడి పేరు అడగకూడదు, చెప్పకూడదు అన్నది కూడా ఆయన చెప్పిన నియమమే.

మల్లికార్జున్‌ను బలవంతంగా పంపడానికి ఏ చట్టమూ లేదు. ఇల్లు ఆయనది. పోనంటే ఎవరూ ఏమీ చేయలేరు. మొహినుద్దీన్ అదే చెప్పడానికి వాళ్లింటికి పోయాడు. మల్లికార్జున్ పరుపులు చుట్టి తాడు కడుతున్నాడు. స్టేషన్ ఘన్‌పూర్‌లో తమ్ముడి ఇల్లు ఉంది.

"పోకు సేట్. పోవలసిన పని లేదు."

"చెయ్యెత్తిన గదా భాయ్‌సాబ్."

"అది మజాక్‌కు ఎత్తినవ్."

"మజాక్‌కే ఎత్తిన. ఎత్తిన చెయ్యి నాదే గదా." తాడు ముడి బిగించాడు. "అత్తగారింటికి అన్న. తమ్మునింటికి పోవుడైతాంది."

నవ్వుదామని చూశాడు. రాలేదు. మొహినుద్దీన్ తాడు రెండో కొస పట్టుకున్నాడు. చేయడానికి అదొక్కటే ఉంది.

"నువ్వు ఒక్క మాట చెప్పు" అన్నాడు మల్లికార్జున్, తలెత్తకుండా. "ఆ దేశంల పోయినోళ్లు మల్ల వచ్చేటోళ్లా?"

"కొందరు వచ్చిండ్రు."

"వచ్చినంక?"

మొహినుద్దీన్ తాడు కొసను గట్టిగా లాగి పట్టుకున్నాడు. కొందరిని మళ్లీ సేనాపతులుగా ఎన్నుకున్నారని పుస్తకంలో ఉంది. అది చెప్తే ఓదార్పు అవుతుందో, మళ్లీ పాఠం అవుతుందో తెలియలేదు.

సాయంత్రం వ్యాను వచ్చింది. సామానంతా ఎక్కించాక, మబ్బు కింద పొద్దు పూర్తిగా గూకాక, సరస్వతి రోడ్డు దాటి వచ్చింది. మొహినుద్దీన్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె చేతిలో పిడి ఉంది. వరద రోజు నుంచి ఎవరూ అడగక అది వాళ్లింట్లోనే ఉండిపోయింది. దాని మీద కుంకుమ తుడిచేసినా ఎర్రటి మరక మిగిలింది.

"తీస్కో అన్నా."

ఆయన ఎదురింటి వైపు చూశాడు. దేవుడి గది కిటికీ తెరిచే ఉంది. లోపల దీపం లేదు.

"పొద్దు గూకింది చెల్లె" అన్నాడు.

"తెలుసన్నా. ఇంట్ల ఏమున్నదని పోతది?"

పిడిని ఆయన చేతుల్లో పెట్టింది. అది ఆయన అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. ఆమె వెనక్కి పోయి వ్యానులో ముందు సీట్లో కూర్చుంది. మల్లికార్జున్ తాళం వేసి, తాళాన్ని ఒకసారి లాగి చూసి, ఎక్కాడు. ఇటు తిరగలేదు.

వ్యాను మలుపు తిరిగాక కూడా మొహినుద్దీన్ అక్కడే కూర్చున్నాడు. జాహెదా తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"వానొచ్చేతట్టున్నది. లోపలికి రాండ్రి."

"ఇది" అని పిడి చూపించాడు.

"ఇయ్యాల ఎవరిది వంతు?"

వాళ్లది కాదు. తొమ్మిదో గల్లీది, సమ్మమ్మది. ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. గొడుగు తెరిచి, ఇనుమును చంకలో పెట్టుకుని, ఇవ్వడానికి బయల్దేరాడు.